సుగుణమణి కాలి దొప్ప

జీవరత్నం మా కింది వాటాలో దిగిన వారానికే ఇల్లు ఖాళీ చేయమన్నాను. మెల్లగా కూడా అనలేదు. మెట్ల మీద నిలబడి గల్లీ అంతా వినేటట్టు అన్నాను.

కారణం వాసన. నాంపల్లి స్టేషన్ వెనక కాపురం చేసేవాళ్ళకు వాసనలు కొత్త కాదు. రైలింజన్ల పొగ, మోరీలో మురుగు, మూల మీద బేకరీ, అన్నిటికీ ముక్కు అలవాటు పడి ఉంటుంది. ఇది మాత్రం గోళ్ళ రంగు సీసాలు గంపెడు ఒక్కసారి ఒలికిపోయినట్టుంది. స్టవ్ మీద పాలు కూడా అదే వాసన కొట్టాయి. నేను స్కూల్లో లెక్కలు చెప్పే మనిషిని. నాకు మామూలుగానే ఓపిక తక్కువ.

అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "జర ఆగుండ్రి టీచరమ్మా. రేపటి సంది ఎనక రేకుల షెడ్డుల చేస్కుంట. గాలి పట్టాల దిక్కు పోతది" అన్నాడు.

"ఎటు పోవాల్నో గాలికి నువ్వు చెప్తవా?" అన్నాను.

అతని వెనక తలుపు పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి ఫక్కున నవ్వింది. నా మాటకు మొగుడి ముందు అంత హాయిగా నవ్విన మనిషిని చూసి నా కోపం సగం దిగింది. ఆమె సుగుణమణి, అతని భార్య. మిగతా సగం కోపం మావారు జనార్దన్ ఆఫీసు నుంచి వచ్చాక ఆయన మీద చూపించాను. వాళ్ళు ఖాళీ చేయలేదు. ఇది తొంభై ఆరో, తొంభై ఏడో, ఆ ప్రాంతంలో మాట.

జీవరత్నానిది మెదక్ దగ్గర. చదువు పదో తరగతితో ఆగింది. సికింద్రాబాద్‌లో హెల్మెట్లు, బస్సు సీట్లు చేసే ఒక చిన్న ఫైబర్ గ్లాసు కార్ఖానాలో పని నేర్చుకున్నాడు. అది మూతబడ్డాక ఆ పనినే ఇంటికి తెచ్చుకున్నాడు. మోటారు సైకిళ్ళకు మడ్‌గార్డులు, పక్క డబ్బాలు, ముందు భాగాన గాలి కొట్టకుండా పెట్టే తొడుగులు, ఎవరికి ఏ వంపు కావాలంటే ఆ వంపు చేసిచ్చేవాడు. ముందు ఒక అచ్చు. దాని మీద రెజిన్ అనే జిగురులో తడిపిన గుడ్డ పొర మీద పొర. అది గట్టిపడ్డాక అచ్చు నుంచి ఊడదీసి, అంచులు కోసి, గరుకు కాగితంతో రుద్దితే సామాను తయారు. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం అతను పసిపిల్లకు స్నానం చేయించేటంత జాగ్రత్తగా చేసేవాడు. ఇతరులకు చేసిచ్చిన సామాను పోతుంటే గల్లీ చివరిదాకా చూసేవాడు.

సుగుణమణి ఎడమ కాలు వంగదు. చిన్నప్పుడు మోకాలికి చీము పట్టి, దవాఖానలో ఆపరేషన్ చేసి, కీలు కట్టేశారట. ఆ కాలు రెండోదానికంటే సన్నం, కాస్త పొట్టి. నడిస్తే బాగానే నడిచేది, కుర్చీలో కూర్చుంటే మాత్రం కాలు ఎదుటికి చాచుకునే ఉండేది. చీర కుచ్చిళ్ళు మడమ దాకా జారవిడిచి, దాన్ని ఎవరికీ కనపడనిచ్చేది కాదు.

ప్రతి ఆదివారం మా గల్లీలో ఒక తమాషా నడిచేది. అబిడ్స్‌లో వాళ్ళ చర్చి. సుగుణమణి ఆటోలో అడ్డంగా కూర్చుని, కాలు సీటు పొడవునా చాచుకునేది. జీవరత్నం తన పాత బుల్లెట్ మీద ఆటో పక్కనే పోయేవాడు. ముందుకు పోడు, వెనక పడడు. ఇద్దరూ దారంతా అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళు. స్టేషన్ రోడ్డు రద్దీలో ఆ బండి, ఆటో జతగా పోతుంటే వెనకవాళ్ళు హారన్లు కొట్టి తిట్టేవాళ్ళు. నేను కూడా తిట్టాను ఒకసారి.

"నువ్వు కూడా ఆటోలనే కూసోరాదా? ఈ జోడు గుర్రాల సవారీ ఏంది?"

"కాలుకు జాగ సరిపోదు టీచరమ్మా" అన్నాడు.

సుగుణమణి ఆ రోజు సాయంత్రం మా ఇంట్లో చిక్కుడుకాయలు తుంచుతూ అసలు సంగతి చెప్పింది. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి ఆ బండి ఎక్కిందట. ఆడవాళ్ళందరిలాగే ఒకవైపుకు తిరిగి కూర్చుంది. వంగని కాలు రోడ్డుకు అడ్డంగా కర్రలా నిలబడింది. నాంపల్లి స్టేషన్ ముందు తోపుడు బండి ఒకటి ఆ కాలికి తగిలి ఆమె కింద పడింది.

"దెబ్బ ఏం తగల్లేదక్కా. చీర పైకి పోయింది. అంత మందిల నా కాలు అందరు చూసిన్రు. ఒకడు అయ్యో అన్నడు. ఆ అయ్యో నా చెవుల ఇంక ఉంది."

ఆ తర్వాత బండి ఎక్కలేదు. ఆయన అడిగితే మాట మార్చేది.

"మరి నీకు లేదా, ఎక్కాలని?" అన్నాను.

ఆమె చిక్కుడుకాయ ఈనె తీసింది. "ఎందుకు లేదు. అందరాడోళ్ళు మొగుని ఎనక కూసోని పోతుంటే నేను సూడనా? ఒక్కపారన్న ఆయన ఎనక కూసోవాలె అని చానా ఉంది. ఈ కాలుతోని అయితదా?" అంది.

ఇంకో దోసెడు చిక్కుడుకాయలు ఆమె ముందు పోశాను.

కొన్నేళ్ళు గడిచాయి. ఊళ్ళో కుర్రాళ్ళు ఫైబర్ గ్లాసు పాతబడిందని కార్బన్ ఫైబర్ అడగడం మొదలుపెట్టారు. అది నల్లటి గుడ్డ. తాటాకు చాపలాగా అడ్డం నిలువు అల్లి ఉంటుంది. జీవరత్నం దాన్ని నల్లగుడ్డ అనేవాడు, మేమూ అదే అన్నాం. బాలానగర్ తుక్కు దుకాణాల్లో దొరికే ముక్కలు ఏరుకొచ్చి పని నేర్చుకున్నాడు. దీనికి రెజిన్ వేరు, నడత వేరు. ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలంతా లాగేస్తేనే పొరలు గట్టిగా అతుక్కుంటాయట. దానికోసం పాడైపోయిన ఫ్రిజ్‌లోంచి కంప్రెసర్ ఊడదీసి గాలి లాగే మోటారుగా మార్చాడు. వాసన తగ్గింది, చప్పుడు మొదలైంది. నేను మళ్ళీ మెట్ల మీద నిలబడాల్సి వచ్చింది.

రెండువేల అయిదులో అనుకుంటాను, ఒక రోజు షెడ్డు ముందు నల్లగుడ్డతో చేసిన మడ్‌గార్డు ఆరుతోంది. సుగుణమణి టీ ఇవ్వడానికి వచ్చి దాన్ని ఒక్క వేలితో ఎత్తింది. గోడకేసి టకటక కొట్టింది.

"గింత తేలికనా? మళ్ళ గింత గట్టిగనా?"

"ఔ. ఇనుముకంటే గట్టిగుంటది" అన్నాడు జీవరత్నం.

"నా కాలు కూడ దీనితోని చేస్తే బాగుండు" అని నవ్వి, కప్పు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె నవ్వుతాలకు అంది. అతను నవ్వలేదు. ఆ మడ్‌గార్డు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. మర్నాడు నా దగ్గరికి వచ్చి లెక్క అడిగాడు. మనిషి కాలు పొడవు ఇంత, సీటు ఎత్తు ఇంత, కాలు ముందుకు వాలుగా పెడితే మడమ ఎక్కడికి వస్తుంది? మగవాళ్ళలాగా అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుంటే వంగని కాలు నడిపేవాడి కాలి పక్క నుంచి ముందుకు వస్తుంది. దాని కింద తొడ నుంచి మడమ దాకా ఆసరాగా ఒక దొప్ప ఉండాలి. అదీ అతని ఆలోచన. ముప్పయ్యేళ్ళు పిల్లలకు త్రికోణాలు నేర్పాను గాని ఇంత పనికొచ్చే త్రికోణం ఎప్పుడూ గీయలేదు.

మొదట ఇనుప పట్టీలతో చేసి చూశాడు. బరువుకు బండి ఎడమకు లాగింది. ఫైబర్ గ్లాసుతో చేస్తే గుంతలో పడ్డప్పుడల్లా ఊగింది. కాలికి బదులు దాంట్లో ఏం పెట్టి చూశాడనుకున్నారు? మావారి పాత ప్యాంటు ఒక కాలు కత్తిరించి ఇసుక నింపాడు. నుమాయిష్ మైదానంలో ఆ ఇసుక కాలును కట్టుకుని చక్కర్లు కొట్టాడు. మావారికి ఆ ప్యాంటంటే ప్రాణం. నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

చివరికి నల్లగుడ్డే అని తేలింది. నల్లగుడ్డ దొప్ప ఊగదు, బరువుండదు. కానీ చిక్కు ఒకటుంది. అది దిండులాగా సర్దుకోదు. కాలు ఎలా ఉంటే అలా కొలత తీసి చేయాలి, లేకపోతే ఎముక ఒరుసుకుంటుంది. అంటే సుగుణమణి కాలికి ప్లాస్టర్ పట్టీలు చుట్టి అచ్చు తీయాలి.

ఆ మాట విని ఆమె మూడు రోజులు షెడ్డు దిక్కే పోలేదు. నాలుగో రోజు నన్ను పిలిచింది. "నువ్వుంటే కూసుంట అక్కా" అంది.

పట్టపగలు, తలుపులు మూసి, చాప మీద కూర్చుంది. చీర మోకాలి పైకి లాగి, వెంటనే కొంగు మొహం మీదికి లాక్కుంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడు కూడా ఆ కాలును వెలుతురులో చూడలేదని నాకప్పుడే అర్థమైంది. అతను కూడా కాలు వంక చూడకుండా తన చేతుల వంకే చూసుకుంటూ పని చేశాడు. పట్టీ చర్మానికి అంటుకోకుండా ముందు కొబ్బరినూనె రాశాడు. తడి పట్టీలు చుట్టాడు. గట్టిపడ్డాక పైన కత్తెరతో చీల్చి మెల్లగా ఊడదీశాడు. నేను ఒకచోట అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం అదే మొదలు.

నిండా ప్లాస్టర్ పోస్తే వానాకాలంలో ఆరదని, ఆ పట్టీ గూడు లోపల ఫైబర్ గ్లాసు పరిచి, పట్టీని పగలగొట్టి తీసేశాడు. తెల్లటి కాలొకటి తయారైంది. కిటికీ దగ్గర బల్ల మీద పెట్టాడు. పాలవాడు దాన్ని చూసి జడుసుకున్నాడు. శుక్రవారం సాయంత్రం దాని మీద మైనం రుద్ది, ఏదో నీళ్ళలాంటి మందు పూసి ఆరబెట్టాడు. శనివారం పొద్దున రెజిన్ గట్టిపడటానికి కలిపే మందు కోసం బజారుకు పోయాడు. మధ్యాహ్నం వచ్చి నల్లగుడ్డ పొరలు పరిచాడు. మోటారు గంటల తరబడి గాలి లాగింది. ఆదివారం వాళ్ళు పని ముట్టుకోరు.

సోమవారం పొద్దున చెక్క ఉలితో అంచు లేపబోతే దొప్ప రాలేదు. కొట్టాడు, వేడినీళ్ళు పోశాడు, చీలికలు దూర్చాడు. తెల్ల కాలు, నల్ల దొప్ప ఒకటే ముద్దయి కూర్చున్నాయి. నేను మెట్ల మీది నుంచి చూస్తున్నాను. అతను ఉలి కింద పెట్టి, ఆ ముద్దను మొహం దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు.

"మణీ, దీన్ని కడిగినవా?"

సుగుణమణి వంటింట్లోంచి వచ్చింది. "ఔ. శనివారం కడిగిన. నువ్వు బజారుకు పోయినప్పుడు" అంది.

ఆమెకు శనివారమంటే ఇల్లు కడిగే రోజు. సాయంత్రానికి ఇంట్లో మురికి అన్నది మిగలకూడదు. బల్ల మీది కాలు జిడ్డుగా, దుమ్ము పట్టి కనిపించింది. జీవరత్నం పూసిన మందు ఆరితే సన్నని పొర అవుతుంది. ఆ పొర ఉంటేనే సామాను అచ్చు నుంచి ఊడుతుంది. అది నీళ్ళు తగిలితే కరిగిపోతుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"నా కాలే గదా అనుకున్న" అంది. "దుమ్ము పట్టి పడి ఉంటే సూడబుద్ధి కాలే. దీన్ని నేనెన్నడు మంచిగ సూస్కోలే. అందుకే గోరువెచ్చ నీళ్ళు పెట్టి, ఒంటి సబ్బు రుద్ది, నా పాత చీరతోని మెత్తగ తుడిచిన."

జీవరత్నం ఆమెను తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఊరుకునేదాన్ని కాదు. "నేను చెప్పాల్సి ఉండె. నాదే తప్పు" అన్నాడు. కానీ ఆ ముద్దను కోసి పారేయక తప్పదు. రంపం తీసేసరికి ఆమె మొహం చూడలేక నేనామెను పైకి తీసుకుపోయాను. రంపం చప్పుడు పైదాకా వినిపించింది. సుగుణమణి చీర మీది నుంచి తన మోకాలు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"ఇంక వద్దక్కా. నాకు ఆటో చాలు. ఇంకోపారి ఆ కాలు ఇయ్య" అంది.

తర్వాత కొన్ని వారాలు బుల్లెట్ షెడ్డులోనే ఉండేది. చర్చికి కూడా అతను సిటీ బస్సులో పోయాడు, ఆమె ఆటోలో పోయింది. నాకు ఆ ఇద్దరి మీదా చెప్పలేని జాలి, దాంతోపాటే చిరాకు. ఇంత మంచి మనుషులు ఒకరినొకరు నొప్పించకూడదని ఇంత దూరం దూరంగా ఎందుకు తిరుగుతారో నాకు అర్థం కాదు. మేమైతే ఒక పూట అరుచుకుని అన్నానికి కూర్చునేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం సుగుణమణి కేక వినిపించింది. "అక్కా, జర కిందికి రా!"

పరుగెత్తుకుని దిగాను. షెడ్డులో జీవరత్నం దొంగలా నిలబడి ఉన్నాడు. అతని చేతులనిండా బంకమన్ను. బల్ల మీద మట్టితో చేసిన కాలు. ఆమెను ఇంకోసారి అడగడం ఇష్టం లేక, జ్ఞాపకం మీద కాలు చేస్తున్నాడు. దొరికిపోయాడు.

సుగుణమణి ఆ మట్టికాలు చుట్టూ ఒకసారి తిరిగింది. నేనూ చూశాను. పిక్క గుండ్రంగా ఉంది, మోకాలు నున్నగా ఉంది, పాదం నిండుగా ఉంది. అంత చక్కని కాలు నాకూ లేదు.

"ఎవరిదిది?" అంది.

"నీదే" అన్నాడు.

"నాది గిట్లుంటదా?"

అతను తల దించుకున్నాడు. "నేను ఎన్నడు సక్కగ సూడలేదు గద మణీ. నా మనసుల గిట్లనే ఉంది."

ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు, రెండూ ఒకేసారి వచ్చాయి. స్టూలు లాక్కుని వాకిట్లో, ఎండలో కూర్చుంది. తలుపు వేయమనలేదు. కొంగు మొహం మీదికి లాగలేదు. చీర మోకాలి పైకి ఎత్తింది.

"రా. మంచిగ సూడు. గిదీ నా కాలు" అంది. "గీడ కోసిన్రు. గీడ ఎముక బయటికుంది, జర ముట్టుకున్నా జివ్వుమంటది. మొన్న నువ్వు పట్టీ సుట్టినప్పుడు కూడ నొచ్చింది, నేను చెప్పలే. మడమ గిటు తిరిగుంటది. గీ దిక్కు దొప్ప జర లోతుగుండాలె."

జీవరత్నం నేల మీద కూర్చుని ఆ కాలును తన ఒడిలోకి తీసుకున్నాడు. చేతికి మట్టి ఉందన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. ఆమె చూపించిన చోటల్లా వేలు పెట్టి, "గీడనా? ఇంక జర కిందికా?" అని అడుగుతూ చూశాడు. ఆ మచ్చ మీద చాలాసేపు చెయ్యి పెట్టి ఉంచాడు. నేను కొబ్బరినూనె తెస్తానని చెప్పి పైకి వెళ్ళాను. నూనె తేవడానికి అంతసేపు పట్టదు. నేనే కావాలని ఆలస్యం చేశాను. అప్పటికే నా కళ్ళు బాగా తడిసి ఉన్నాయి.

రెండోసారి అంతా సవ్యంగా జరిగింది. శనివారం ఇల్లు కడిగే ముందు సుగుణమణి అచ్చు మీద బుట్ట బోర్లించి, "దీని దిక్కు ఎవరు రావద్దు" అని ఇంట్లో లేని జనానికి కూడా చెప్పింది. నల్లగుడ్డ పెద్ద ముక్కలు దొరకలేదు. బాలానగర్‌లో ఏరిన చిన్న ముక్కలు కలిపి పరిచాడు. అల్లిక గీతలు ఒకదానితో ఒకటి కలవలేదని అతనికి చాలా బాధ. సోమవారం అంచు లేపితే దొప్ప టక్కుమని ఊడి చేతిలోకి వచ్చింది. లోపల సీటు కుట్టేవాడితో స్పాంజి, రెక్సిన్ వేయించాడు. బుల్లెట్‌కు ఎడమవైపు ఆడవాళ్ళ చీర చక్రంలో పడకుండా ఉండే ఇనుప జాలీ ఉంటుంది. అది విప్పేసి, ఆ బోల్టులకే దొప్ప వెనక భాగం బిగించాడు. ముందు భాగం లెగ్‌గార్డుకు బిగించాడు.

ఇక చీర సంగతి. అటొక కాలు ఇటొక కాలు వేసి చీరతో ఎలా కూర్చుంటుంది? నేను అబిడ్స్‌లో బట్ట కొని పంజాబీ డ్రెస్సు కుట్టించాను. ముదురు నీలం, చిన్న చిన్న పూలు. ఆమె పుట్టి బుద్ధెరిగి చీర తప్ప కట్టలేదు.

"చర్చిల అందరు ఏమంటరో" అంది.

"ఎవరన్న ఏమన్న అంటే నా దగ్గరికి పంపు" అన్నాను. మావారు కుర్చీలోంచి, "పాపం, ఎవరూ ఏం అనకపోతేనే వాళ్ళకు మంచిది" అన్నారు.

వానలు తగ్గాక, ఒక ఆదివారం పొద్దున బండి వాకిట్లోకి వచ్చింది. జీవరత్నం కుడికాలు నేల మీద ఆనించి బండిని గట్టిగా పట్టుకున్నాడు. మావారు ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకుని సుగుణమణిని ఎక్కించాం. కుడికాలు అటు వేసింది. ఎడమకాలు ఎత్తి దొప్పలో పెట్టింది. పెట్టగానే అది ఆ కాలు కోసమే కాచుకుని ఉన్నట్టు లోపల సర్దుకుంది. పట్టీలు బిగించాను. ఆమె రెండు చేతులతో మొగుడి చొక్కా పట్టుకుంది.

"దిగుతవా?" అన్నాడు అతను వెనక్కి తిరక్కుండానే.

"పోనీ" అంది, వినీ వినబడనట్టు.

బండి గల్లీ మలుపు తిరిగింది. మలుపులో ఒక గుంత ఉంది. అక్కడ నేను కళ్ళు మూసుకున్నాను. కేక ఏమీ వినపడలేదు. కళ్ళు తెరిచేసరికి బండి లేదు.

చర్చి పదకొండుకల్లా అయిపోతుంది. పన్నెండయింది, రాలేదు. వంట చేసి పెట్టాను, చల్లారిపోయింది. నేను ఫోన్ చేస్తే జీవరత్నం సెల్‌ఫోన్ కింద వాటాలో మోగింది, ఇంట్లోనే మరిచిపోయాడు. మావారిని అబిడ్స్‌కు తరిమాను. చర్చిలో ఊడ్చే మనిషి వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారని చెప్పాడట. నా ప్రాణం నా దగ్గర లేదు. మళ్ళీ ఎక్కడో పడిపోయింది, మళ్ళీ జనం మూగారు, మళ్ళీ ఎవడో అయ్యో అన్నాడు అనుకున్నాను. దొప్ప విరిగిందేమో, నేను గీసిన త్రికోణంలోనే పొరపాటు ఉందేమో అనుకున్నాను. మూడింటికి దవాఖానలకు ఫోన్లు చేయమంటే మావారు, "ఏ దవాఖానకని చేయాలి?" అన్నారు. ఆయన మీద కూడా అరిచాను.

పొద్దు వాలుతుండగా బండి చప్పుడు వినిపించింది. గేటు దగ్గరికి ఎలా వచ్చానో తెలియదు. సుగుణమణి జడ ఊడిపోయి ఉంది, మొహం ఎండకు కమిలి, దుమ్ము కొట్టుకుని ఉంది. రెండు చేతుల్లో ఒకటే మొగుడి భుజం మీద ఉంది. రెండో చేతిలో తిని సగం మిగిలిన మొక్కజొన్న కంకి.

"ఏడికి పోయిన్రు?" అని గల్లీ అంతా వినేటట్టు అరిచాను. "పొద్దున పోయినోళ్ళు ఇప్పుడా వచ్చేది? చెప్పి పోవాలని తెల్వదా? ఏం పని పడ్డదని పోయిన్రు?"

"ఏం పని లేదక్కా" అంది సుగుణమణి.

"మరి పొద్దంతా ఏం చేసిన్రు?"

"ఊకెనే తిరిగినం."

జీవరత్నం దిగి, పట్టీలు విప్పి, ఆమెను రెండు చేతులా ఎత్తి మెట్టు మీద కూర్చోబెట్టాడు. నేను ఇంకా ఏదో అనబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"అక్కా, నాకు నలభై దాటినయ్. ఇన్నేండ్లల నేను ఇల్లు దాటిందంతా పని మీదనే. దవాఖానకు, చర్చికి, పెండ్లికి, సావుకు. నన్ను తీస్కపోవుడు అందరికి తకలీఫ్ గదా, పని లేకుండ ఎట్ల అడుగుత? మా అమ్మను కూడ ఎన్నడు ఊకె బయటికి పోదామని అడగలే" అంది. "చర్చి కాంగనే ఈయన ఇంటికేనా అన్నడు. ఔ అందామనుకున్న. నోట్లె నుంచి పోనీ అని వచ్చింది. ఎటు అన్నడు. తెల్వదు, పోనీ అన్న. అబిడ్స్‌ల బుక్కులు పరిచేకాడ మెల్లగ పోయినం, ఏం కొనలే. ట్యాంక్‌బండ్ మీద ఇటు పోయినం, మళ్ళ అటు పోయినం. ఆయన ఎటు అంటడు, నేను పోనీ అంట. గట్లనే పొద్దు గూకింది."

నా దగ్గర ఇంకా చాలా తిట్లు మిగిలి ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. నేను రోజూ సాయంత్రం సంచీ పట్టుకోకుండా, ఎందుకో కూడా తెలియకుండా అబిడ్స్ దాకా నడిచి వచ్చే మనిషిని. అది కూడా ఒక భాగ్యమని నాకు యాభై రెండేళ్ళు వచ్చేదాకా తోచలేదు. ఆమె దుమ్ము కొట్టుకున్న తల నా భుజానికి ఆనించుకుని ఏడ్చాను. ఆమె కంకి నా నోటికి అందించింది.

మర్నాడు సోమవారం. మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చేసరికి వాకిట్లో బుల్లెట్ చప్పుడు చేస్తోంది. సుగుణమణి నీలం డ్రెస్సు వేసుకుని, కాలు దొప్పలో పెట్టుకుని, పట్టీలు తనే బిగించుకుంటోంది. నన్ను చూసి నవ్వింది. ఎక్కడికి అని అడగబోయాను. అలవాటు కొద్దీ ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, గేటు తెరిచి పట్టుకున్నాను.